ఉయ్యాల వెనక మాట

“మగాడివి నువ్వు. ఆడపిల్ల దగ్గర ఆ మాటెత్తావంటే నీ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టను!” అంది హారమణి, రాత్రి కాల్చిన పొడొపిఠా రొట్టె ముక్కలు పళ్లెంలో పెడుతూ. ఒడిశాలో ఆడపిల్లలు ఉయ్యాలలూగే రజో పండక్కి పుట్టింటికొచ్చింది ఆవిడ.

“ఝిలి వాళ్లమ్మే ఉంటే నాకెందుకక్కా ఈ తిప్పలు? పోనీ, నువ్వు చెప్పు,” అన్నాడు తమ్ముడు భ్రమర్.

“నేనా? ఛీ! సమయమొస్తే దానికే తెలుస్తుంది.”

 భ్రమర్ ఆస్పత్రి నర్సమ్మని అడిగి అంతా నేర్చుకొచ్చాడు. నేర్చుకున్నది నోరు దాటితేగా! అన్నం దగ్గర మొదలుపెడితే మాట పప్పు మీదికి మళ్లేది. సైకిల్ మీద మొదలుపెడితే ఎవడో ఒకడు ఎదురొచ్చి పలకరించేవాడు.

అంతలో కూతురు ఝిలి పారాణి కాళ్లకి చెప్పులు టపటపలాడిస్తూ పరిగెత్తుకొచ్చింది.

“బాపా! ఈ మూడ్రోజులూ నేల తవ్వకూడదంట, దున్నకూడదంట. భూమమ్మకి ఏమయింది?”

“విశ్రాంతి,” అంది హారమణి.

“ఎందుకూ?”

“ఎందుకేమిటే? నోర్మూసుకుని పిఠా తిను!”

భ్రమర్ చటుక్కున లేచాడు. ఇంతకంటే మంచి అదను మళ్లీ దొరకదు. “పదమ్మా, ఉయ్యాల ఊపుతా!” అని కూతురి చెయ్యి పట్టుకుని బయటపడ్డాడు.

వీధి చివర మామిడిచెట్టుకి వేసిన పండగ ఉయ్యాల చుట్టూ ఆడపిల్లల పాటలు, కేకలు. ఝిలి వంతు వచ్చింది. భ్రమర్ వెనక నిలబడి తోశాడు. పిల్ల మొహం తనకి కనపడదు, తన మొహం పిల్లకి కనపడదు. ఎన్నడూ పెగలని గొంతు పెగిలింది.

“భూమమ్మకి నెలసరి!”

ఉయ్యాల పైకెళ్లి తిరిగొచ్చింది. “అంటే?”

“ఆడపిల్లలు పెద్దవుతుంటే నెలనెలా కాస్త రక్తం వస్తుంది!”

“దెబ్బ తగలకుండానేనా?” పైనుంచి అరిచింది ఝిలి.

“దెబ్బ కాదు తల్లీ! పొట్టలో పాపాయి పెరిగే చోటుంటుంది. దాని కోసం లోపల మెత్తటి పరుపు తయారవుతుంది!” గట్టిగా తోశాడు. “పాపాయి లేకపోతే పరుపెందుకు? అది కరిగి బయటికొచ్చేస్తుంది!”

“చచ్చిపోరుగా?”

“చచ్చిపోరు! అది జబ్బు కాదు, తప్పూ కాదు!”

“అందరికీ వస్తుందా? అత్తక్కూడా?”

“అత్తకీ వచ్చింది! మీ అమ్మకీ వచ్చింది! కలెక్టరమ్మకీ వస్తుంది!”

ఝిలి గాల్లో కాళ్లాడిస్తూ పకపకా నవ్వింది. “మరి పాపాయి లోపలికెట్లా వెళ్తుంది బాపా?”

“అది రేపటి ఊపుకి!” అన్నాడు చెమట తుడుచుకుంటూ. అతనికీ నవ్వాగడం లేదు. ఎంత తేలికైన మాట! ఇన్నాళ్లూ ఎంత భయపడ్డాడు!

అప్పుడు తెలిసింది, పాటలు ఆగిపోయాయని. “ఇక దిగవే!” అని గోల చేస్తున్న పిల్లలంతా చుట్టూ చేరి, కిక్కురుమనకుండా నిలబడ్డారు. వాళ్ల వెనక, బుగ్గన కిళ్లీతో, హారమణి.

భ్రమర్ తోయడం ఆపేశాడు. ఎప్పుడొచ్చింది? ఎంత విన్నది?

ఉయ్యాల దానంతటదే నెమ్మదించింది. ఝిలి దూకి తండ్రి వెనక దాక్కుంది. హారమణి పిల్లల్ని తోసుకుంటూ వచ్చింది. కిళ్లీ పక్కకి ఊసింది.

“అక్కా, నేను...”

ఆవిడ వినిపించుకోలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని, వీపు అతని వైపు తిప్పి, ఉయ్యాల పలక మీద కూర్చుంది. రెండు తాళ్లూ గట్టిగా పట్టుకుంది.

“ఊపరా,” అంది. “మొదట్నుంచీ చెప్పు.”