పత్తికి పట్టిన చిల్లంగి

వ్యవసాయ సైంటిస్టు గారికి,

నిన్న నాన్న ఉక్కునగరంలో డ్యూటీ దిగి, చేను చూసొచ్చి, తన చెల్లెలు నూకాలత్త ముందరి పళ్లు రాయితో రాలగొట్టాడు. అందుకే రాస్తున్నాను. అత్త విశాఖ ఆస్పత్రిలో ఉంది.

"నీ సిల్లంగికే నా పత్తికాయలు కుళ్లిపోనాయి. పళ్లుంటే కదే మంత్రం సదువుతావు!" అని అత్తకు చేతబడి అంటగట్టాడు.

ఎకరానికి ఆరు బస్తాల యూరియా వేశాం. చేను ఏపుగా ఎదిగాకే తెగులు పట్టింది. అన్ని బస్తాలు వేయమన్నది నేనే. చదువుకున్నదాన్నని ఇంట్లో నమ్మారు.

తెగులు ఆ యూరియా వల్లేనని నాన్నకు చెప్పాను.

"నీకూ పెట్టీసిందేటి సిల్లంగి?" అని గొడ్డలి నూరుతున్నాడు.

యూరియా ఎక్కువైతే తెగులు పెరుగుతుందన్నది నిజమైతే, ఆఫీసు ముద్ర వేసి రాయండి. ముద్ర ఉంటే నమ్ముతాడు. ఇరవై నాలుగో తేదీలోగా అందాలి. ఆ రోజు అత్త ఇంటికొస్తుంది.

ఈశ్వరి