సిన్, కాస్, టాన్ ఎవరు?

“లెక్కలన్నీ మిషినే జేస్తే నీ బిడ్డ బడికెందుకు జలపతీ? మిషిన్నే పంపు, హాజరేస్త” అన్నాడు లెక్కల మాస్టారు శశిధర్ రావు.

పిల్లలు కిసుక్కుమన్నారు. దుబాయి నుంచి మోజుగా తెచ్చిచ్చిన కాలిక్యులేటర్‌ను మాస్టారు గుంజుకున్నాడని జలపతి మండిపడుతున్నాడు. అతని కూతురు భూదేవి సిగ్గుతో బెంచీలో ముడుచుకుపోయింది.

“దుబాయిల అందరు గిట్లనే జేస్తరు సార్. మా మిషిన్ మాకియ్యుండ్రి!”

విసుగ్గా సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టాడు మాస్టారు. నక్సలైట్ అన్నల కోసం కోరుట్లలో సంచి కనబడితే చాలు, పోలీసులు దులుపుతున్న రోజులవి. ఈ కేకలు విని, రోడ్డు మీద పోతున్న ఎస్సై కానిస్టేబుల్‌తో సహా క్లాసులోకి వచ్చేశాడు.

“ఏంటిది? వైర్‌లెస్సా?”

“లెక్కల మిషిన్ సార్, దుబాయిది” అన్నాడు జలపతి.

“లెక్కలకు ఇన్ని బటన్లెందుకు?” ఎస్సై ఒక్కొక్కటే చదివాడు. “సిన్... కాస్... టాన్... లాగ్... ఎవరు వీళ్లంతా? ఏ దళం?”

జలపతి మాస్టారి వైపు చూశాడు.

“పద స్టేషన్‌కి!”

“బాపూ!” అని భూదేవి బావురుమంది.

మాస్టారు చటుక్కున కాలిక్యులేటర్ అందుకున్నాడు. “ఆగుండ్రి సార్! నేనే తెమ్మన్న. ఇది లేకుంటే నా క్లాసే నడువది.”

జలపతి తెల్లబోయాడు. పాపం, సంతోషించే తీరిక కూడా లేదు.

“అయితే చేసి చూపించు” అన్నాడు ఎస్సై. “మా కానిస్టేబుల్ నంబరు పద్దెనిమిది వందల డెబ్బై ఆరు. పదిహేడుతో గుణించు.”

మాస్టారు మిషిన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని టకటకా నొక్కాడు. “ముప్పై ఒక వెయ్యి ఎనిమిది వందల తొంభై రెండు.”

కానిస్టేబుల్ బోర్డు మీద చెమటలు కక్కుతూ గుణించాడు. రెండుసార్లు తప్పాడు, మూడోసారి అంతే వచ్చింది.

“అబ్బో, గట్టిదే! అందరి చేతా కొనిపించండి మాస్టారూ” అని ఎస్సై వెళ్లిపోయాడు.

జలపతి మాస్టారి చేతులు పట్టుకున్నాడు. “బతికిచ్చిండ్రు సార్! సూసిండ్రా మరి, నా మిషిన్ ఎంత జల్ది జెప్పిందో?”

భూదేవి కళ్లు తుడుచుకుని బటన్ నొక్కింది. మళ్లీ నొక్కింది. “సార్, ఇది నడుస్తలేదు!”

మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

“ఎట్ల నడుస్తది బిడ్డా? దీని సెల్లు తీసి మా ఇంట్ల రేడియోల ఏసుకున్న.”