రూప్లి చేతిలో క్రిమి

"చెయ్యి చాపు. దగ్గరికి రాకు, అక్కణ్నుంచే."

కారేపల్లి అవతలి తండా బడిలో వంటమనిషి రూప్లి చెయ్యి చాపింది. శాస్త్రవేత్త ఉదయ్ భాస్కర్ చేతులకు రెండు జతల గ్లవ్స్, మూతికి మాస్కు. దూదిపుల్లతో ఆమె అరచేతిని రాసి గొట్టంలో పడేశాడు. వారంలో ఇరవైమంది పిల్లలకు విరేచనాలు. ఎవరివల్లో తండాలో అడుగుపెట్టగానే అతనికి తెలిసిపోయింది. పరీక్ష ఊరికే, రుజువు కోసం.

ఆ పరీక్ష అతను కనిపెట్టిందే. తొమ్మిది వేల క్రిముల డీఎన్ఏలను కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి, విరేచనాల క్రిమిలో తప్ప మరే క్రిమిలోనూ లేని చిన్న ముక్కను ఏరాడు. ఆ ముక్క ఉన్నచోట క్రిమి ఉన్నట్టే. రెండేళ్ళ కష్టం. దాన్ని తెచ్చి ఈ తండాలో వాడటం బూడిదలో పన్నీరు పోయడమేనని అతని బాధ.

గంటలో ఫలితాలొచ్చాయి. రూప్లి చెయ్యి పాజిటివ్. గరిటె పాజిటివ్. నీళ్ళ బిందె పాజిటివ్. బడి వెనక మేకలు తాగే తొట్టి ఒక్కటే నెగెటివ్.

"చూశారా మేష్టారూ," అన్నాడు హెడ్మాస్టరుతో, అందరికీ వినబడేలా. "ఈవిడ చేతికన్నా మేకల తొట్టి నయం. ఇవాళే మాన్పించండి."

"పద్నాలుగేండ్ల సంది వండుతున్న సారూ," అంది రూప్లి. "గీ పని పోతే నా ఇల్లెట్ల గడుస్తది?"

"చేతులు కడుక్కోవడం వచ్చుంటే గడిచేది."

మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునే వచ్చిన ఆ చేతుల్ని రూప్లి కొంగుకు తుడుచుకుంది. హెడ్మాస్టరు అయిష్టంగానే ఆమెను మాన్పిస్తున్నట్టు కాగితం రాశాడు. రూప్లి వేలిముద్ర వేసి, వంటగది తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

తిరుగు జీపులో అతని అసిస్టెంటు సాయిప్రియ గొణిగింది.

"మేకలు మూతిపెట్టే తొట్టి గట్లెట్ల శుభ్రంగుంటది సార్?"

"కంప్యూటర్ కన్నా నీకెక్కువ తెలుసా?"

ఆమె లాప్‌టాప్ తెరిచింది. అతను ఏరిన ముక్కను ఈసారి క్రిములతో కాకుండా వేరే దానితో పోల్చి చూసింది. వైరా దగ్గర టీకి ఆగారు. ఉదయ్ భాస్కర్ గ్లాసును రుమాలుతో పట్టుకుని, ఈ జనానికి శుభ్రత ఏడు జన్మలెత్తినా రాదంటున్నాడు. సాయిప్రియ టీ ముట్టలేదు.

"సార్, మీరు ఏరిన ముక్క క్రిమిది కాదు, ఆ క్రిమిని తీసినప్పుడు దాంతో కలిసొచ్చిన రోగి డీఎన్ఏ, మనిషన్న ప్రతి ఒక్కరిలో ఉంటది."