బాలనర్సయ్య కట్టిన మేడ

శకుంతలమ్మ కేకేయగానే బాలనర్సయ్య ఎంగిలి చేత్తోనే మెట్లు దిగాడు. కృష్ణానగర్‌లో ఆ గల్లీ మొత్తానికి ఆమె కిరాణా కొట్లోనే ఫోనుంది. కిరాయికి ఉండేవాళ్లందరూ తమ ఊళ్లలో ఆ నంబరే ఇచ్చుకున్నారు.

"మీ ఊరికెళ్లి ఫోను. నీ పెండ్లామే," అంటూ రిసీవర్ చేతికిచ్చింది.

డిసెంబరులో అలాంటి వాన ఎవరూ ఎరగరు. నాలుగు రోజులుగా ఎడతెరిపి లేదు.

"సర్పంచ్ ఇంట్లకెళ్లి చేస్తున్న," అంది దేవమ్మ. వెనక ఎవరెవరో అరుస్తున్నారు. "చెరువు కట్ట తెగేటట్టున్నది. వాడల మోకాళ్లదాక నీళ్లొచ్చినయి. పిల్లలు ఏడుస్తున్నరు."

బాలనర్సయ్య రిసీవర్‌ను చెవికి గట్టిగా అదుముకున్నాడు. "గుట్ట మీదికి పోండ్రి. ఇప్పుడే పోండ్రి."

"గుట్టకు పోవాలంటె వాగు దాటాలె. పిల్లలతోని నాతోటి కాదు. నువ్వు కట్టిన మేడ ఉండంగ ఫికరేంది? ఊరోళ్లందరు ఆడికే పోతున్నరు. లోపలికి పోవద్దన్నవు గదా, బయటి మెట్లకెళ్లి మీదికెక్కుతం."

ఊరి చివర, వాగు ఒడ్డున లేచిన రెండంతస్తుల మేడ అది. బాలనర్సయ్య జూబ్లీహిల్స్‌లో బంగళాలు కట్టే మేస్త్రి అని ఊళ్లో పేరు. ఆ పేరు అతను తనంతట తానే పెట్టుకున్నాడు. పోయిన నెల పట్నం నుంచి మనుషుల్ని తీసుకొచ్చి మేడ లేపి, ఓనరు వచ్చే నెల దిగుతాడని చెబితే ఊరు ఊరంతా నోరు తెరుచుకుని చూసింది. దేవమ్మకైతే కాలు నేల మీద నిలవలేదు.

"మేడ ఎక్కకు దేవమ్మా. వాగన్న దాటు."

"ఎందుకు?"

చెప్పాలి. ఒక్క మాట చాలు. కానీ అవతల సర్పంచ్ ఉన్నాడు, సగం ఊరుంది. సిగ్గుతో నోరు పెగల్లేదు. ఆ కాస్త ఆలస్యంలోనే లైను తెగిపోయింది.

ట్రంకాల్ బుక్ చేశాడు. లైన్లు పడిపోయాయంది ఎక్స్ఛేంజి అమ్మాయి. రెండోసారి శకుంతలమ్మే డయలు తిప్పింది. మళ్లీ అదే జవాబు.

ఊరంతా మేడెక్కుతోందని అతను చెప్పగానే, "జర నిమ్మలంగ ఉండు," అందామె. "పిల్లల్ని పట్టుకొని వాగు దాటమంటవేంది, పిచ్చోనివా? మేడ ఎక్కినంక ఇగ భయమెందుకు? ఎంతమంది ఉంటరు?"

"రెండు వందలు."

ఆ మాట అంటూనే బియ్యం బస్తాల పక్కన కూలబడ్డాడు. రెండు చేతులతో తల బాదుకున్నాడు. అందరూ మేడెక్కుతున్నారన్న కబురుకు ఈ ఏడుపేమిటో శకుంతలమ్మకు అంతుపట్టలేదు.

ఆ మేడను అతను ప్లైవుడ్డుతో కట్టింది, వచ్చే వారం ఫిల్మ్‌నగర్ కంపెనీ తీయబోయే వరద సీనులో తాడు లాగగానే కూలిపోవడానికి.