మనవాడే కాల్చాడు

ముసలాయన చెప్పు సరిగ్గా చెప్పుల షాపు ముందే తెగింది.

తెగినదాన్ని చేత్తో పట్టుకుని, రెండో కాలి చెప్పు ఈడ్చుకుంటూ మెట్టెక్కాడు.

"బాబూ, ఇది కాస్త కుట్టిపెడతావా?"

"కూర్చోండి. ఇప్పుడే ఇచ్చేస్తాను."

షాపతను చెప్పందుకుని పాత దారం పీకడం మొదలుపెట్టాడు. బయట ఎండ మండిపోతోంది. బేరాలు లేవు.

ముసలాయన కూర్చోలేదు. గోడవారగా ఉన్న అద్దాల బీరువా ముందు నిలబడిపోయాడు. అందులో ఒకే ఒక జత బూట్లున్నాయి. కుడి బూటు అడుగు మామూలుగానే ఉంది. ఎడమదాని అడుగు ఇటుకంత మందం.

"ఇవి అమ్మకానికి కావు కదూ?"

"కావండీ. మా తాతయ్యవి. నేనే కుట్టాను. ఆయన కోసమే ఈ పని నేర్చుకున్నాను."

యుద్ధంలో గుండు తగిలి తాతయ్య ఎడమ కాలు పొట్టిదైపోయింది. ఆ కాలితోనే మనవణ్ణి భుజానికెత్తుకుని వీధి చివరిదాకా నడిచేవాడు. పైన కూర్చున్నవాడికి పడవలో ఊగినట్టుండేది. 'కుంటి సిపాయి' అని ఎగతాళి చేసినవాడి చెవి కొరికి వచ్చాడోసారి మనవడు.

"నిన్నెవరు కాల్చారు తాతయ్యా? శత్రువులా?"

"మనవాడే."

"ఎందుకు?"

తాతయ్య నవ్వి మాట మార్చేసేవాడు.

"వాడు దొరికితే కాళ్లు విరగ్గొడతాను" అన్నరోజు మాత్రం మనవడి చెంప ఛెళ్లుమనిపించాడు. అంతకుముందుగానీ, ఆ తర్వాతగానీ వాడిమీద చెయ్యెత్తి ఎరగడు.

కాల్చినవాణ్ణి కూడా వెనకేసుకొచ్చే మంచితనం తాతయ్యది. అలాంటివాణ్ణి కాల్చడానికి ఆ చెయ్యెలా వచ్చింది? ఆ ముఖం తెలియని మనిషిని తలుచుకుని పళ్లు కొరుకుతూనే పెద్దవాడయ్యాడు మనవడు. తోలు కోస్తున్నప్పుడల్లా వాడి మెడే కోస్తున్నట్టుండేది.

"మీ తాత చివర్లో బాధపడ్డాడా బాబూ?" బూట్ల మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు ముసలాయన.

షాపతని చెయ్యి ఆగింది.

"మా తాతయ్య మీకు తెలుసా?"

"ఒకే గుడారంలో పడుకునేవాళ్లం. పోయాడని తెలిసి వచ్చాను."

షాపతని మొహం విప్పారింది. గబగబా కుర్చీ తుడిచాడు.

"ముందు కూర్చోండి తాతగారూ! టీ తెప్పిస్తాను. అయితే మీకు తెలిసే ఉంటుంది. ఆయన్ని కాల్చిన ఆ వెధవ ఎవడు? ఇంకా బతికే ఉన్నాడా?"

ముసలాయన తలొంచుకున్నాడు.

"ఉన్నాడు."

"ఎక్కడ?"

"నీ ఎదురుగానే."

షాపతను చేతిలోని చెప్పుని గట్టిగా బిగించి పట్టుకున్నాడు.

"ఎందుకు కాల్చావు?" మీరు కాస్తా నువ్వయిపోయింది.

"మీ తాత చెప్పలేదా?"

"లేదు."

"అయితే నేనూ చెప్పకూడదు. మీ నాన్నమ్మకి ఒకసారి కనబడి, మీ నాన్నని కళ్లారా చూసుకుని వెళ్లిపోతాను బాబూ."

"మా ఇంటి గుమ్మం తొక్కుతావా నువ్వు?"

ఆ కేకకి ఎదురు కొట్టు టైలరు లేచి వచ్చాడు. టీ బండి దగ్గరవాళ్లూ పోగయ్యారు.

"చూడండి! తోటి సిపాయిని కాల్చిన మొనగాడు వీడే! మా తాతయ్యని జన్మంతా కుంటించింది వీడే!"

ముసలాయన బీరువాలోని బూట్లవైపే చూస్తూ నిలబడ్డాడు.

షాపతను తోలు కత్తి తీశాడు. చేతిలో ఉన్న చెప్పుని అడ్డంగా కోశాడు. వంగి, ముసలాయన కాలికున్న రెండోదీ లాగేసి కోశాడు. నాలుగు ముక్కల్నీ మురిక్కాలవలో పారేశాడు.

"ఇప్పుడు నడు. నడక అంటే ఏంటో నీకూ తెలియాలి."

తారు రోడ్డు పెనంలా కాలుతోంది. ముసలాయన మునివేళ్ల మీద, ఒక నీడ నుంచి ఇంకో నీడకి గెంతుకుంటూ వెళ్లాడు. ఎవరో ఈలేశారు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

షాపతనికి కడుపు నిండినట్టయింది. ఇన్నేళ్ల మంట ఒక్కపూటలో చల్లారింది. షట్టరు దించి, దాదాపు పరుగులాంటి నడకతో ఇల్లు చేరాడు.

"నాన్నమ్మా! తాతయ్య పగ తీర్చుకొచ్చాను!"

నాన్నమ్మ తాతయ్య చొక్కాలు మడతపెడుతోంది. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. వింటుండగానే ఆవిడ చేతుల్లోంచి చొక్కా జారిపోయింది.

"ఎటు వెళ్లాడు?"

"బస్టాండు వైపు. ఏం?"

"పరిగెత్తు! కాళ్లమీద పడైనా సరే, తీసుకురా!"

ఆవిడ అలా అరవడం అతనెప్పుడూ చూడలేదు. ఎందుకని అడక్కుండా పరిగెత్తాడు. బస్సు వెళ్లిపోయింది. వాడిన మొహంతో తిరిగొచ్చాడు.

"దొరకలేదా?"

తల అడ్డంగా ఊపాడు. నాన్నమ్మ గోడకి చేరగిలబడింది.

"కాల్పు జరిగిన రాత్రి తెల్లారితే వాళ్ల దళమంతా శత్రువులున్న కొండెక్కాలి. ఎక్కినవాళ్లలో ఒక్కడూ తిరిగి రాలేదు. మీ తాతయ్య మాత్రం కాలికి కట్టుతో ఆస్పత్రిలో ఉన్నాడు."

"మరి ఆయన?"

"తాగిన మైకంలో కాల్చానని ఒప్పుకుని జైలుకెళ్లాడు. ఉద్యోగం పోయింది. తోటివాణ్ణి కాల్చినవాడికి పిల్లనెవరిస్తారు? ఒంటిగాడుగానే ఉండిపోయాడు. నిజం బయటికొస్తే మీ తాతయ్యని పిరికిపంద అంటారని, నోరు విప్పనని మీ తాతయ్య చేతే ఒట్టేయించుకున్నాడు."

"ఏ నిజం నాన్నమ్మా?"

"మీ నాన్న నా కడుపులో ఉన్నాడన్న కబురు ఆ సాయంత్రమే అక్కడికి చేరింది. 'నీకు బిడ్డ పుడుతున్నాడు, ఇంటికి పో' అని మీ తాతయ్య చెవిలో చెప్పి మరీ కాల్చాడురా."