నాలుక మీది పొర

కొత్త చోట తిండి పడక ఇబ్బంది పడకూడదని, బదిలీ మీద వచ్చినవాళ్లకు కంపెనీ ఒక పల్చటి పొర ఇస్తుంది. నాలుకకు అంటించుకుంటే ఏం తిన్నా సొంతూరి రుచే. అనంతపురం నుంచి పలాస వచ్చిన వన్నూరప్పకు, పక్కింటి గున్నమ్మ రోజూ గిన్నెలో ఏం తెచ్చినా అమ్మ చేతి ఊరిబిండి పచ్చడి, సంగటి రుచే తగిలేది.

"శానా బాగుందక్కా" అనేవాడు. ఆమె మురిసిపోయేది.

ఆ రోజు పాయసం. గిన్నె ఊడ్చి, ఆ మాటే అన్నాడు. ఇంటికెళ్లిన గున్నమ్మ అంతలోనే పరుగున తిరిగొచ్చింది.

"పంచదార అనుకోని ఉప్పు ఏసీసినాను బాబూ. నాను నోట్లో ఎట్టలేకపోనాను. నువ్వెలాగ తినీసినావు?"

ఆమె ఖాళీ గిన్నె కేసి చూసింది.

"మరి ఇన్నాళ్లూ బాగుందన్నావు?"

సిగ్గుతో వన్నూరప్ప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ నోట్లో ఇంకా ఊరిబిండి రుచే ఉంది.