ఏ జిగురు?

వీట్స్‌కె వంటింట్లోకి వచ్చేసరికి మోప్ బల్ల కింద నక్కి ఉంది. కుక్క మూతి నిండా ఎర్ర రంగు. చుట్టూ కాగితపు గుజ్జు ముక్కలు. బల్ల మీద చెక్క జిగురు సీసా, మూత తీసి ఉంది. సగానికి పైగా ఖాళీ.

డిసెంబరులో కానుకలు ఇచ్చుకునే సింటర్‌క్లాస్ పండగకు ఎవరో చేసిన బొమ్మను మోప్ మింగేసింది.

ఆమె పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది. కక్కించొద్దు, నీళ్లు కూడా పట్టొద్దు, వెంటనే తీసుకురండి అంది డాక్టరమ్మ. ఆ జిగురు కడుపులో రొట్టెపిండిలా పొంగి గట్టిపడుతుందట.

ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రేలో పిడికిలంత ముద్ద కనిపించింది.

"ఉత్త కాగితమైతే దానంతటదే పోతుంది. చెక్క జిగురైతే ఇప్పుడే కోయాలి. కానీ ముసలి కుక్క, మత్తుకు తట్టుకుంటుందని మాటివ్వలేను. బొమ్మ దేనితో అతికించారో కనుక్కోండి" అంది డాక్టరమ్మ.

ఎలా కనుక్కోవడం? చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్లకు బొమ్మ చేసి, కానుక అందులో దాచాలి. పండగ సాయంత్రం దాకా నోరు విప్పకూడదు. ఈసారి చీటీలు రాసింది వీట్స్‌కె చిన్నారి కూతురు ఫెనా. లెక్క తప్పి ఒకటి ఎక్కువ రాసిందనుకున్నారు. మిగిలినదాన్ని అత్తగారు హిల్యె జేబులో పడేసుకుంది, ఆట సాగింది.

వీట్స్‌కె కట్టుబాటును గాలికొదిలేసింది. భర్త గెరిట్‌కు ఫోన్ చేసి ఇల్లంతా వెతికించింది. అతను చేసిన ఓడ షెడ్డులోనే ఉంది. జిగురు సీసా తనదేనట, బల్ల మీద మరిచిపోయాడట. ఎంత వాడాడో గుర్తులేదట. ఫెనా చేసిన టోపీ మంచం కింద భద్రం. నాన్న చూసేశాడని దాని ఏడుపు. అత్తగారి గదిలో ఆమె చేసిన గాలిమర చెక్కుచెదరలేదు. వీట్స్‌కె చేసింది తన కారులోనే ఉంది.

ఉన్నది నలుగురు. నాలుగు బొమ్మలూ ఉన్నాయి. మరి మోప్ తిన్నది ఎవరిది?

"మీ అమ్మను అడుగు" అంది.

"అమ్మ ఈతకు వెళ్లింది. ఫోను లాకర్లో పెట్టేసి నీళ్లలో దిగుతుంది. పదిసార్లు చేశాను."

ఇక ఆగితే లాభం లేదంది డాక్టరమ్మ. మోప్ వీట్స్‌కె చెయ్యి నాకింది. ఆమెకు దుఃఖం ఆగలేదు. కోయండి అంది.

పొట్ట మీద వెంట్రుకలు గీసేశారు. డాక్టరమ్మ సూదిలోకి మందు ఎక్కించింది. అప్పుడు ఫోన్ మోగింది. హిల్యె.

"అత్తయ్యా, వంటింట్లో ఎర్ర బొమ్మ ఎవరిదో తెలుసా? ఏ జిగురు పెట్టారు?"

"నాదే. జిగురేమిటమ్మాయ్, గోధుమపిండీ నీళ్లూ. ఆరుతుందని హీటరు మీద పెట్టాను. రంగు బీట్‌రూట్ రసం."

వీట్స్‌కె ఆ మాట చెప్పగానే డాక్టరమ్మ సూది కింద పెట్టింది.

"మీ గాలిమర గదిలోనే ఉందిగా. మరి ఇదెవరికి?"

పండగకు ముందే పేరు చెప్పాల్సి వచ్చినందుకు హిల్యె కాసేపు సణిగింది.

"ఫెనా లెక్క తప్పలేదే పిల్లా, ఆ మిగిలిన చీటీలో మోప్ పేరుంది, అందుకే లోపల సాసేజ్ పెట్టి వాడు తినడానికే చేశాను."